మా అత్తకు నేనే సంరక్షకుణ్ణి

పూజ్యురాలైన అత్తయ్యకు,

కోపంతో కలం గట్టిగా నొక్కుతూనే మేనల్లుడు నమస్కరించి రాయునది.

ఇక్కడ నేను క్షేమం. నువ్వు క్షేమం కాదు. ఆ సంగతి నీకింకా తెలిసినట్టు లేదు కాబట్టి ఈ ఉత్తరం.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఫోను వదిలేశాను. మా గోప్యతా సంఘంలో మేం ముగ్గురం. ముగ్గురమూ ఒకేరోజు ప్రమాణం చేసి ఫోన్లు వదిలేశాం. (దాంతో మా తర్వాతి సమావేశం ఎప్పుడో, ఎక్కడో ఎవరికీ తెలియడం లేదు. అది వేరే సమస్య.) అత్తా, ఒకరి ఉత్తరం చించి చదివితే నేరం. అదే ఒకరి మెసేజీ చదివితే వ్యాపారం! మా కరపత్రంలో మొదటి వాక్యం ఇదే, నేనే రాశాను. ఇకనుంచి మనిద్దరి మధ్యా కాగితమూ కలమే.

అసలు సంగతికొస్తాను. నిన్న మా జిరాక్సు షాపులో ఒక పెద్దమనిషి కాగితాలు నా చేతికిచ్చి, తన ఫోను చూసుకుంటూ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ఇతరుల తెర వైపు నేను చూడను. కానీ చెవులకు రెప్పలుండవు కదా!

"అద్దానికి మొహమాటం ఉంటుంది నాయనా, టేపుకు ఉండదు. ఊపిరి వదలండి. వదలండి అంటున్నానా! ప్యాంటు కుట్టేది మీకా, మీరు బిగబట్టిన ఊపిరికా?"

ఆ గొంతు నాకు తెలియకపోవడమేమిటి? నాన్న పోయాక నన్ను పెంచిన గొంతు. నేను ఎక్కాలు అప్పజెప్పలేక నీళ్ళు నమిలితే గోడలదిరేలా అరిచిన గొంతు. అది ఈ రోజు ఊరూవాడా ప్రతివాడి జేబులోనూ కూస్తోంది! నిన్ను "టేపు అత్త" అంటున్నారట. వేలమంది చూశారట. ఎవరబ్బ సొమ్మని? నీ బొమ్మ నీ సొత్తు. నీ తిట్టు నీ సొత్తు. ఇందులో చట్టముంది, అత్తా. నేను చదివాను. చూస్తూ ఊరుకోను.

నువ్వు మాత్రం ఎక్కడా, ఏ తెర మీదా "అంగీకరిస్తున్నాను" అన్న మీట నొక్కకు.

ఇట్లు,
నీ గౌరవం కోసం దేనికైనా సిద్ధపడిన
మేనల్లుడు

తా.క.: జనం కాగితాల్లోకి తొంగి చూడకూడదన్న నియమంతో ఈ వారం కళ్ళు పక్కకు తిప్పుకుని జిరాక్సులు తీశాను. ఒకాయన ఇంటి పత్రాల్లో సగం పేజీల మీద నా బొటనవేలే పడిందట. మా యజమానికి గోప్యత విలువ తెలియదు.

*

చిరంజీవి మేనల్లుడికి,

నువ్వు నిండు నూరేళ్ళూ ఉండాలనీ, నీ కోపం మాత్రం సాయంత్రానికే పోవాలనీ దీవించి మేనత్త రాసేది.

ఉత్తరం అందింది. పోస్టాయన నా చేతికిచ్చి కదలడే! నేను చదివేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు. చేత్తో రాసిన ఉత్తరం పంచి చాలా కాలమైందట, ఎవరైనా పోయారేమోనని బెంగ. "ఎవరూ పోలేదు బాబూ, మా అల్లుడి ఫోను పోయింది" అని సాగనంపాను.

ఒరేయ్, అంత కొంప మునిగిందేమీ లేదు. ఆ ప్యాంటాయన నా పాత బేరమే. కొలత తియ్యబోతే చాలు, ఊపిరి బిగబట్టి గాలిపటంలా అయిపోతాడు. కుట్టాక బొత్తం పట్టదు. "మీరు తప్పు కొలిచారు" అంటాడు. ప్రతిసారీ ఇదే బాగోతం. ఈసారి నాకు నోరాగలేదు. ఆయన కూతురు బెంచీ మీద కూర్చుని కిసుక్కుమంటూ వీడియో తీసిందట.

అదొచ్చినప్పటి నుంచి షాపులో ఒకటే సందడి. నిన్నొకాయన శుభ్రంగా సరిపోయిన ప్యాంటు పట్టుకొచ్చాడు. "ఏం చెయ్యమంటారు?" అంటే, "ఏం చెయ్యొద్దండీ, ఏదో ఒక వంక పెట్టి ఒక్క తిట్టు తిట్టండి, మా ఆవిడ రికార్డు చేసుకుంటుంది" అన్నాడు. ఊరికే తిట్టమంటే తిట్టు ఎక్కణ్ణుంచి వస్తుంది? కోపం కూడా కొలత ఇచ్చి కుట్టించుకునేదేనా? "పనీపాటా లేదా మీకు?" అన్నాను. అదే చాలన్నారు, దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు.

కాబట్టి నువ్వు శాంతించు. వేళకు తిను. జిరాక్సు తీసేటప్పుడు కాగితం వైపు చూడు. కాగితానికేమీ సిగ్గుండదు.

ఇట్లు,
నీ మేనత్త

తా.క.: ఆ వీడియో కింద జనం ఏవేవో రాస్తున్నారు. అవి చదవడానికని కొత్త కళ్ళజోడు కూడా చేయించుకున్నాను. "కాజా" అనే పేరుతో ఒకరు మాత్రం, "కత్తెర పట్టే చెయ్యి మారలేదు. కోపంగా ఉన్నారా?" అని రాశారు. నేనూ కింద "లేదు" అని రాశాను. రాయడం వచ్చేసిందిరా నాకు!

*

పూజ్యురాలైన అత్తయ్యకు,

నిద్రాహారాలు మాని పోరాటంలో ఉన్న మేనల్లుడి నమస్కారాలు.

నీ తాజా కలం చదివి నా గుండె జారిపోయింది. కత్తెర పట్టే తీరును బట్టి మనిషిని పోల్చుకున్నాడా! చేతివాటం, నడక, దగ్గు, ఇవన్నీ వ్యక్తిగత సమాచారం కిందికే వస్తాయని నా దగ్గరున్న చిన్న పుస్తకంలో స్పష్టంగా ఉంది. వాడెవడో నిన్ను గమనిస్తున్నాడు. పైగా "కోపంగా ఉన్నారా" అని వెక్కిరింపొకటి! నువ్వు అమాయకంగా జవాబు కూడా ఇచ్చావు. పులి నోట్లో తలపెట్టి, "మీకు పళ్ళు బాగున్నాయండీ" అన్నట్టుంది.

ఇక ఆలస్యం చెయ్యలేదు. ఆ వీడియోల కంపెనీ ఫిర్యాదుల కార్యాలయానికి నోటీసు పంపేశాను. అత్తా, చట్టంలో ఒక గొప్ప హక్కుంది. దాన్ని మరపు హక్కు అంటారు. ఒక మనిషిని అంతర్జాలం పూర్తిగా మరచిపోవాలని కోరే హక్కు! నీకోసం ఆ హక్కును ఎత్తిపట్టాను. నిన్నిక ఎవరూ వెతకలేరు, ఎవరూ గుర్తుపట్టలేరు.

ఆ అర్జీలో "బాధితురాలికి మీరేమవుతారు?" అని ఒక గడి ఉంది. మేనల్లుడు అనే మాట వాళ్ళిచ్చిన వరసలో లేదు. తల్లి, తండ్రి, వకీలు, సంరక్షకుడు, ఇంతే. ఉన్నంతలో నిజానికి దగ్గరగా ఉందని "సంరక్షకుడు" మీద గుర్తు పెట్టాను.

అంతటితో ఆగలేదు. వీడియో కింద అందరూ చూసేలా ఒక హెచ్చరిక కూడా పెట్టాను. "మా మేనత్త దృశ్యాన్ని దాచి ఉంచుకున్నవారు తక్షణం నాశనం చేయవలెను. లేదా సంరక్షకుని లిఖితపూర్వక సమ్మతి పొందవలెను. లేనిచో కోర్టులో కలుసుకొందుము." కింద నా పూర్తి చిరునామా. చిరునామా లేని నోటీసు చెల్లదు. నేను దాక్కునేవాణ్ణి కాదు.

ఇట్లు,
నీ సంరక్షకుడు (చట్టరీత్యా)

తా.క.: ఈ నోటీసు పంపడానికి షాపు కంప్యూటరు మీద నేను స్వయంగా నాలుగుచోట్ల "అంగీకరిస్తున్నాను" నొక్కాల్సి వచ్చింది. కళ్ళు మూసుకుని నొక్కాను.

*

మేనల్లుడికి,

చిరంజీవి అని రాయాలంటే చెయ్యి రావడం లేదు. తర్వాత కలుపుకో.

అది పోయిందిరా. పొద్దున్నే షాపు తీసి, కళ్ళజోడు పెట్టుకుని చూస్తే లేదు. వీడియో లేదు, కింద రాతలు లేవు. ప్యాంటాయన కూతురు మళ్ళీ పెట్టింది. పెట్టింది పెట్టినట్టే మాయం. నా మొహం కనబడితే చాలు, తీసేస్తున్నారట. రెండోసారికి దాని పేజీ కూడా మూసేశారు. పాపం, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అప్పుడొచ్చింది నీ ఉత్తరం. నిన్ను తిట్టాలంటే ఫోనైనా లేదు. నా కోపం చల్లారకముందే నీకు చేరే దారే లేకుండా చేసుకున్నావు. మహా తెలివైనవాడివి.

నన్నందరూ మరచిపోవాలని అర్జీ పెట్టావా? నువ్వా? పోయినవాళ్ళ గురించి కూడా ఎవరూ అలా కోరుకోరు.

సంరక్షకుడట! నీకు చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్పింది నేను. నీ చీమిడి ముక్కు తుడిచిన కొంగు ఇంకా నా పెట్టెలో ఉంది. నాకు నువ్వు సంరక్షకుడివా?

కాజా ఎవరో చెబుతాను, విను. నాదంటూ ఒక షాపు లేనప్పుడు నేను స్కూలు యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేశాను, నీకు తెలుసు. నేను కత్తిరింపుల్లో. ఆయన కాజాలు కుట్టేచోట. చొక్కాకి బొత్తం పట్టే కంత ఉంటుందే, అది కుట్టడంలో ఆయన చెయ్యే చెయ్యి. అందుకే ఆ పేరు. ఆ హాల్లో మిషన్ల మోతకు పక్కనున్నవాళ్ళ మాట కూడా వినపడదు. నేను కత్తిరించిన గుడ్డ మూడు చేతులు మారి ఆయన దగ్గరికి చేరేది. ఎప్పుడైనా నా కత్తెర గీత కాస్త వంకర పోతే, ఆ గుడ్డ వెనక సుద్దతో "కోపంగా ఉన్నారా?" అని రాసి తిప్పి పంపేవాడు. నేను "లేదు" అని రాసి మళ్ళీ పంపేదాన్ని. గట్టిగా దులిపితే పోయే రాతలు. ఏళ్ళ తరబడి మేం మాట్లాడుకున్నది అంతే.

ఫ్యాక్టరీ మూసేసిన రోజు గేటు దగ్గర ఆయనేదో అన్నాడు. లోపల మిషన్లు ఆగిపోయి నిశ్శబ్దంగా ఉంది, అయినా నాకు వినపడలేదు. మళ్ళీ అడగడానికి నాకు మొహమాటం. మళ్ళీ చెప్పడానికి ఆయనకు మొహమాటం. ఎవరి దారిన వాళ్ళం వెళ్ళిపోయాం.

మొన్న నేను "లేదు" అని రాశాక ఆయన, "ఎక్కడుంటున్నారు?" అని అడిగాడు. చెప్పేద్దామనుకున్నాను. ఇంతలో నీ మొదటి ఉత్తరం గుర్తొచ్చింది. చిరునామా నలుగురిలో పెడితే ప్రమాదమేమో, ఎవరినైనా అడిగి చెబుదాం అని "రేపు చెబుతాను" అని రాశాను. రేపు వచ్చింది. చెప్పడానికి చోటు లేదు.

ఒక్కటే అడుగుతాను. ఆ పిల్ల వీడియో పెట్టే ముందు నా దగ్గరకొచ్చి, "అత్తా, పెట్టనా?" అని అడిగింది. నేను సరేనన్నాను. నువ్వు తీయించే ముందు నన్నడిగావా?

ఇట్లు,
అందరూ మరచిపోయిన
మేనత్త

తా.క.: ఆ ప్యాంటాయన కూడా బాధపడుతున్నాడు. వీధిలో ఇప్పుడెవరూ ఆయన్ని పట్టించుకోవడం లేదట. దుఃఖంలో నిజంగానే నడుము తగ్గింది.

*

అత్తా,

నమస్కారం ఎలా పెట్టాలో కూడా తెలియడం లేదు.

నీ ఉత్తరం షాపులో నిలబడి చదివాను. చదివాక మిషను మూత తీసి, నా తల అందులో పెట్టి జిరాక్సు తీస్తే ఏమొస్తుందా అనిపించింది. ఖాళీ కాగితమే వస్తుంది.

సమ్మతి, సమ్మతి అని గోడల మీద రాశాను. కరపత్రాలు పంచాను. సమ్మతి అడగాల్సిన మనిషి ఒక్క ఉత్తరం దూరంలో ఉంటే అడగలేదు. ఇంతకన్నా రాయలేను. రాస్తే మళ్ళీ కరపత్రంలా తయారవుతుంది.

వెంటనే ఫిర్యాదుల కార్యాలయానికి రాశాను, నా నోటీసు వెనక్కి తీసుకుంటున్నానని. వాళ్ళ జవాబు యథాతథంగా చూడు:

"గౌరవనీయ సంరక్షకా, మీ అభ్యర్థన ఆమోదించబడినది. సదరు మహిళను మేము విజయవంతంగా మరచిపోయాము. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?"

అయ్యా, ఆమెను మళ్ళీ గుర్తు చేసుకోండి అని రాశాను. దానికి జవాబు:

"మీరు పేర్కొన్న వ్యక్తిని పునరుద్ధరించుటకు ఆమె ఎవరో మాకు తెలియవలెను. ఆమె ఎవరో మాకు గుర్తులేదు. అసౌకర్యానికి చింతిస్తున్నాము."

ఎవరో మనిషి రాశాడా, మిషను రాసిందా తెలియదు. మనిషైతే బాగుండును, తిట్టడానికి ఒక మొహమైనా ఉండేది.

సిగ్గు విడిచి మా యజమానిని బతిమాలుకుని మళ్ళీ షాపు కంప్యూటరు ముందు కూర్చున్నాను. నా పేరుతో పేజీ తెరిచాను. నా ఫోటో పెట్టాను, అవును, నేనే! "కాజా అను పేరుగల పెద్దాయన ఎక్కడున్నా దయచేసి తెలపండి" అని రాశాను. ఆ పేరున్నవాళ్ళు వందలు. ఒక్కొక్కరికీ రాశాను. "మీరు కాజాలు కుట్టేవారా?" అని అడిగితే కొందరు నవ్వారు, కొందరు తిట్టారు, ఒకాయన తన చొక్కా పంపిస్తానన్నాడు. ఆయన మాత్రం దొరకలేదు.

నన్ను క్షమించమని అడగను. వెతకడం మాననని మాత్రం చెబుతున్నాను.

ఇట్లు,
ఏ హోదా లేని
మేనల్లుడు

తా.క.: ఇప్పుడు నేను ఏ పేజీ తెరిచినా కాజాలు కుట్టే మిషన్ల ప్రకటనలే. వార్తలు చదువుతుంటే కాజా మిషను. వాతావరణం చూస్తుంటే కాజా మిషను. ప్రపంచంలో ఉన్న కాజా మిషన్లన్నీ నన్ను పోల్చుకున్నాయి. ఆ ఒక్క కాజా గారు తప్ప.

*

చిరంజీవి మేనల్లుడికి, (కలిపాను, చూసుకో)

మేనత్త దీవెనలు.

వదిలెయ్యరా. అన్నం మానేశావని మీ యజమాని నా నంబరు వెతికి పట్టుకుని ఫోను చేసి చెప్పాడు. ఆయనకున్నపాటి ఇంగితం మీ సంఘానికి లేదు.

నీ మీద కోపం పోయిందా అంటే పూర్తిగా పోలేదు. కానీ నువ్వు నాకోసం పరిగెత్తి గోతిలో పడ్డావు. నన్ను తోసెయ్యడానికి పరిగెత్తలేదు. ఆ తేడా నాకు తెలుసు. కుట్టు తప్పు పడితే విప్పుకోవచ్చు. కత్తెర తప్పు పడితేనే కష్టం. ఇది కత్తెర తప్పు. ఏం చేస్తాం, మిగిలిన గుడ్డతో ఏమొస్తే అదే కుట్టుకోవాలి.

నువ్వన్న మరపు హక్కు గురించి ఆలోచించాను. అది చెడ్డదేం కాదు. పాపం, ఎవరి బొమ్మో వాళ్ళకు తెలియకుండా పెట్టి ఏడిపిస్తుంటారు, అలాంటివాళ్ళకు కావాలి. వాళ్ళకోసం కొట్లాడు, నేనూ నీ వెనక నిలబడతాను. నాకు మాత్రం ఒక్క మనిషికి గుర్తుండటమే కావాల్సి వచ్చింది.

శుభ్రంగా తిని పడుకో.

ఇట్లు,
నీ మేనత్త

తా.క.: ఈ మధ్య నేనెవర్నీ తిట్టడం లేదని బేరాలు తగ్గాయి. నిన్నొకావిడ, "ఒంట్లో బాగాలేదా అత్తా?" అని మందు కూడా తెచ్చిచ్చింది.

*

అత్తా! అత్తా!

నమస్కారం తర్వాత. ముందు కూర్చో. కూర్చున్నావా?

ఆయన దొరికాడు! నేను దొరకబుచ్చుకోలేదు, ఆయనే నాకు ఉత్తరం రాశాడు. వీడియో మాయమయ్యేలోపు నా నోటీసు చదివి, అందులోని చిరునామా రాసుకున్నాడట. కవరు మీద ముత్యాల్లాంటి అక్షరాలతో "సంరక్షకుడు గారికి" అని ఉంది. ఆ ఉత్తరం దీనితోనే పంపుతున్నాను. అయినా ముఖ్యమైన ముక్క ఇక్కడ రాస్తాను, ఎందుకంటే నా గుండెదడ నీకూ తెలియాలి:

"అయ్యా, తమ నోటీసు చదివాను. తమరు చెప్పింది న్యాయమే. పెద్దల సమ్మతి లేకుండా ఉంచుకోవడం తప్పు. అందుకే ఇన్నాళ్ళూ తటపటాయించి, ఇప్పుడు ధైర్యం చేసి అడుగుతున్నాను. తమ అత్తగారిని నా దగ్గర ఉంచుకోవడానికి సమ్మతించమని ప్రార్థన. నేను ఒంటరివాణ్ణి. ఆమెకు చోటు చాలదేమోనని నా దగ్గరున్న పాతవన్నీ తీసేశాను. పొద్దున ఒకసారి, పనయ్యాక ఒకసారి చూసుకుంటే చాలు, అంతకుమించి ఆశ లేదు. ఎవరికీ చూపించను. ఎవరికీ పంపను. కాదంటే బాధపడతాను గానీ, తమ మాట దాటను."

అత్తా, ఇది చదివి మూడురకాలుగా ఉంది నాకు.

మొదట ఒళ్ళు మండింది. అడగాల్సింది నిన్ను గానీ నన్నా? నువ్వేమన్నా ఇంటి పత్రమా? పైగా ఆ షరతులేమిటి? రోజుకు రెండుసార్లు చూస్తే చాలట! మిగతా వేళల్లో నువ్వేం చేస్తుంటావని? ఎవరికీ చూపించడట! ఏం కాలమనుకుంటున్నాడు? ఎవరికీ పంపడట! పుట్టింటికి కూడా పంపడా? నీకు పుట్టిల్లంటూ మిగిలింది నేనొక్కణ్ణేగా. నా గది చిన్నదే, మంచం కుంటిదే, అయినా అది నీ పుట్టిల్లే. ఏడాదికోసారైనా పంపి తీరాలి!

తర్వాత, పాతవన్నీ తీసేశానన్నాడు చూడు, అక్కడ ఆగిపోయాను. ఆ వయసులో మనిషి తన సామానంతా బయటపెట్టి, గది ఖాళీ చేసుకుని, ఎవరో కుర్రాడి జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ కుర్రాణ్ణి నేను.

మూడోది చెప్పడం కష్టం. నువ్వు వెళ్ళిపోతే ఇక నన్ను తిట్టేదెవరు?

అయినా నా సమ్మతి రాసి పంపలేదు. అది నాది కాదు. నీ జవాబు నీదే. నువ్వు ఊ అన్నా, ఊఁహూఁ అన్నా నేను నీ పక్కనే. ఊ అంటే మాత్రం నా తరఫున ఆయనకు మూడు మాటలు చెప్పు. నీ మిషను నీతోపాటే రావాలి. నువ్వు కత్తెర పట్టుకుని ఉన్నప్పుడు ఎదురు చెప్పకూడదు. పుట్టింటికి పంపాలి.

ఇట్లు,
ఈసారి అడిగాకే అడుగు వేస్తున్న
మేనల్లుడు

తా.క.: ఆయన ఉత్తరం జిరాక్సు ఒకటి తీసి పెట్టుకున్నాను. ఈసారి కాగితం వైపు చూసే తీశాను. అయినా ఒకచోట తడిసింది. మిషనులోంచి నీళ్ళు కారుతున్నాయని యజమానికి చెప్పాను.

*

చిరంజీవి మేనల్లుడికి,

మేనత్త దీవించి రాసేది. నువ్వు కూడా కూర్చుని చదువు. పక్కన మంచినీళ్ళు పెట్టుకో.

రెండు ఉత్తరాలూ సంచిలో పెట్టుకుని, షాపు మూసి, రెండు బస్సులు మారి ఆయనుండే చోటికి వెళ్ళాను. మెట్ల కింద చిన్న గది. పెద్ద షాపులవాళ్ళ కోట్లకు ఇప్పటికీ చేత్తో కాజాలు కుడుతున్నాడు. నేను గుమ్మంలో నిలబడితే తలెత్తి చూశాడు. సూది వేలికి గుచ్చుకుంది. అది తీసుకోవడం కూడా మర్చిపోయి, "సంరక్షకుడు గారు ఒప్పుకున్నారా?" అన్నాడు. నమస్కారం లేదు, ఎలా ఉన్నారని లేదు!

గదంతా చూశాను. ఇంతా చేసి మంచం ఉంది, కుర్చీ ఉంది, పెట్టెలున్నాయి. గోడకు పాత క్యాలెండర్లు కూడా వేలాడుతున్నాయి. "పాతవన్నీ తీసేశానన్నారు?" అని అడిగాను.

"తీసేశానండీ, అన్నీ తీసేశాను" అని ఫోను తెచ్చి చూపించాడు. అందులో ఒకే ఒక్కటుంది. టేపు మెళ్ళో వేసుకుని, కత్తెర ఊపుతూ, ఊపిరి వదలండి అని అరుస్తున్న నేను. "ఫోను పాతదండీ, చోటు చాలదు. ఇది ఉంచుకోవాలంటే సంరక్షకుడి సమ్మతి కావాలని నోటీసులో ఉంది కదా. అందుకే అడిగాను. ఎవరికీ చూపించలేదు. ఎవరికీ పంపలేదు" అన్నాడు.

ఒరేయ్ వెధవా! ఆయన అడిగింది ఆ బొమ్మని! నన్ను కాదు!

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. భూమిలోకి కుంగిపోవాలనిపించింది. నీ ఉత్తరం తీసి చేతిలో పెట్టాను. నువ్వే ఏం చెప్పుకుంటావో చెప్పుకో అని. ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి చదివాడు. పుట్టింటికి పంపడా అన్నచోటికి వచ్చేసరికి చెవులు ఎర్రబడ్డాయి. అక్కడి నుంచి మళ్ళీ మొదటికి వెళ్ళి చదివాడు. చదివి, మడతల ప్రకారం మడిచి, నా చేతికిచ్చాడు.

"అబ్బాయిగారు పొరపాటు పడ్డారండీ" అన్నాడు చివరికి.

"పడ్డాడు. వాడికది అలవాటే" అన్నాను.

ఆయన సూదిలో దారం ఎక్కించి, మళ్ళీ తీసేశాడు. మోతలో అయితే మా ఇద్దరికీ బాగానే ఉండేది, ఈ నిశ్శబ్దం మాకు చేతకాదు. అప్పుడు గొంతు సవరించుకుని అడిగాడు, ఈసారి స్పష్టంగానే వినపడింది. "ఆ పొరపాటు సరిచేద్దామంటారా, అలాగే ఉంచేద్దామంటారా?"

ఒరేయ్ అల్లుడూ, నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చేసిందంతా సరిచేసే పనే. పొడుగైనవి మడిచాను, బిగుతైనవి వదులు చేశాను, ఎవరెవరి తప్పులో విప్పి కుట్టాను. ఇది మాత్రం ముట్టుకోబుద్ధి కాలేదు.

"అలాగే ఉంచండి" అన్నాను.

నీ మూడు మాటలూ ఒప్పుకున్నాడు. మిషను పెట్టడానికి కిటికీ పక్కన కొలిచి మరీ చోటు చూపించాడు. ఆయనదీ నాదీ రెండూ చిన్న గదులే, ఏ గదిలో ఉండాలో ఇంకా తేలలేదు. నీకు మాత్రం రెండుచోట్లా తిట్లు సిద్ధంగా ఉంటాయి, బెంగపెట్టుకోకు.

నీ నోటీసు ప్రకారం సంరక్షకుడి సంతకం కావాలట. ఎంత చెప్పినా వినడం లేదు. చట్టం చట్టమే అంటున్నాడు. నీలాంటివాడు ఇంకొకడు దొరికాడు నా ప్రాణానికి. ఆదివారం వచ్చి పెట్టి వెళ్ళు.

ఇట్లు,
నా సమ్మతితోనే
నీ మేనత్త

తా.క.: రోజుకు రెండుసార్లు చూసుకుంటే చాలన్నవాడు, ఇవాళ పని పట్టుకుని నా షాపుకొచ్చి, కుట్టు పక్కన పడేసి పొద్దుటి నుంచి నన్ను చూస్తూనే ఉన్నాడు. మాట తప్పడం కాదా ఇది? మీ సంఘం నోటీసులు ఏమైనా మిగిలుంటే ఒకటి తెచ్చిపెట్టు. పంపనులే, ఊరికే గోడకు తగిలిస్తాను.